మ్యాపు చివర తెరవండి: చేతి జీపీఎస్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పని

అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం పైకి చిన్నదే. చేతిలో పట్టే జీపీఎస్ రిసీవర్ ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి, మధ్యలో కేబుల్. కేబుల్ గుచ్చగానే ల్యాప్‌టాప్ తెర మీద మ్యాపులో బాణం గుర్తు మనతోపాటు కదలాలి. అన్నీ కుదిరితే ఐదు నిమిషాల పని. కుదరకపోతే పూటంతా పోతుంది. ఎందుకు పోతుందంటే, చాలామంది వెతకడం తప్పు చివర మొదలుపెడతారు. ముందు మ్యాపు ప్రోగ్రాం తెరుస్తారు, దాని సెట్టింగులన్నీ తిప్పుతారు, తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, ఆఖర్న కేబుల్ మీద అనుమానపడతారు. దీన్ని తిరగేయండి. రిసీవర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగుతూ రండి. మ్యాపు అన్నిటికన్నా చివర.

సరే, మొదటి మెట్టు. కేబుల్ పెట్టకండి. రిసీవర్ని ఆకాశం బాగా కనిపించే చోట పెట్టి, దాని తెర మీదే ఫిక్స్ వచ్చిందో లేదో, అంటే తానెక్కడుందో దానికి తెలిసిందో లేదో చూడండి. నెలల తరబడి వాడని రిసీవర్ అయితే ఓపిక పట్టాలి. శాటిలైట్ తన సమాచారాన్ని సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతుంది. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మళ్లీ చెబుతుంది. మధ్యలో చెట్టు కొమ్మ అడ్డొచ్చి ఒక ముక్క పోయినా, ఆ ముక్క కోసం తర్వాతి వంతు దాకా ఆగాల్సిందే. మొత్తం శాటిలైట్ల పట్టిక, అదే ఆల్మనాక్, పూర్తిగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు. అందుకే పాత రిసీవర్ని పావుగంట పాటు కదపకుండా ఆరుబయట వదిలేయండి. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగితే ఇంకా ఆలస్యం.

ఇక్కడే ఇంకో రెండు సెట్టింగులు చూసుకోవాలి. ఒకటి డెమో మోడ్, కొన్నిట్లో సిమ్యులేటర్ అని ఉంటుంది. ఇంట్లో కూర్చుని మెనూలు నేర్చుకోవడానికి ఎవరో ఆన్ చేసి మర్చిపోతారు. తెర మీద ఫిక్స్ ఉన్నట్టే కనిపిస్తుంది, ల్యాప్‌టాప్‌కి అంకెలూ వెళ్తాయి, అన్నీ కల్పితం. రెండోది బ్యాటరీ పొదుపు మోడ్. అది ఆన్‌లో ఉంటే స్థానాన్ని సెకనుకోసారి కాకుండా కొన్ని సెకన్లకోసారి లెక్కకడుతుంది. మ్యాపులో బాణం గెంతుతూ పోతుంటే ముందు దీన్ని అనుమానించండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. రిసీవర్ ల్యాప్‌టాప్‌తో ఏ భాషలో మాట్లాడుతుంది?

పడవల ఎలక్ట్రానిక్ పరికరాల కోసం అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో ఒక ప్రమాణం తెచ్చింది. దాని పేరు ఎన్‌ఎమ్‌ఈఏ 0183. ఇప్పటికీ చాలా నావిగేషన్ ప్రోగ్రాములు వినేది ఈ భాషే. మామూలు అక్షరాలు, కామాలతో విడగొట్టిన వాక్యాలు, మనిషి కళ్లతో చదువుకోగలిగినవి. దీని మామూలు వేగం 4800 బాడ్, అంటే సెకనుకు 4800 బిట్లు, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ఈ నాలుగూ గుర్తుంచుకోండి, సగం పని అయిపోయినట్టే.

చిక్కేమిటంటే, చేతి రిసీవర్లు పెట్టెలోంచి తీయగానే ఈ భాష మాట్లాడవు. కంపెనీ సొంత భాషలో ఉంటాయి. గార్మిన్ రిసీవర్లలో సీరియల్ కేబుల్ పెట్టే పాత మోడళ్లు, అంటే గుండ్రటి నాలుగు పిన్నుల సాకెట్ ఉన్నవి లేదా వెనక ప్లగ్‌ని జరిపి తగిలించేవి, వాటి మెనూలో ఇంటర్‌ఫేస్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో గార్మిన్ అని ఉన్నదాన్ని ఎన్‌ఎమ్‌ఈఏ అని మార్చాలి. రూట్లు, ట్రాకులు దింపుకోవడానికి గార్మిన్ భాషే కావాలి, మ్యాపు మీద మనం ఎక్కడున్నామో చూడటానికి ఎన్‌ఎమ్‌ఈఏ కావాలి. నిన్న ట్రాకులు దింపి ఇవాళ నావిగేషన్‌కి కూర్చుంటే ఈ ఒక్కటీ తిరిగి మార్చడం మర్చిపోతారు. పోర్టు ఉంటుంది, డేటా మాత్రం రాదు.

యూఎస్‌బీ ఉన్న మోడళ్ల సంగతి వేరు. కేబుల్ గుచ్చగానే రిసీవర్ పెన్ డ్రైవ్ లాగా తెరుచుకుంటే, అది ఆ క్షణంలో జీపీఎస్ కాదు, ఉత్త డిస్కు. స్థానం పంపదు. ఈట్రెక్స్ 20, 30 లాంటి వాటిలో ఇంటర్‌ఫేస్ మెనూలో గార్మిన్ స్పానర్ అనే ఎంపిక ఉంటుంది. దాన్ని పెట్టి కేబుల్ గుచ్చితే, మాస్ స్టోరేజీకి వెళ్లమంటారా అని రిసీవర్ అడుగుతుంది. వద్దు అనండి. ఆ తర్వాత విండోస్‌లో స్పానర్ ప్రోగ్రాం వేసుకుంటే అది ఒక లేని సీరియల్ పోర్టును సృష్టించి ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలను అందులోకి పంపుతుంది. గార్మిన్ యూఎస్‌బీ తనంతట తాను కామ్ పోర్టుగా, అంటే విండోస్ నంబరు ఇచ్చే సీరియల్ పోర్టుగా కనిపించదు. ఎంత వెతికినా కామ్ నంబరు దొరకదు. దొరకనిది మీ తప్పు కాదు, దాని పద్ధతే అంత. లైనక్స్‌లో అయితే గార్మిన్ సొంత భాష జీపీఎస్‌డీకి, అంటే రిసీవర్ డేటాను మిగతా ప్రోగ్రాములకు అందించే ప్రోగ్రాంకి, వచ్చు కాబట్టి ఈ అవస్థ తక్కువ.

తెర లేని చిన్న యూఎస్‌బీ రిసీవర్లు, మౌసు ఆకారంలో ఉండేవి, ఈ విషయంలో హాయి. గుచ్చగానే ఎన్‌ఎమ్‌ఈఏ పోస్తూనే ఉంటాయి. కేవలం ల్యాప్‌టాప్ నావిగేషనే కావాలనుకునేవాళ్లకు చేతి రిసీవర్ కన్నా అవే మేలని నా అభిప్రాయం. కానీ మనం మాట్లాడుకుంటున్నది చేతిలో ఉన్నదాని గురించి.

సీరియల్ కేబుల్ దగ్గరికి వద్దాం. తొమ్మిది పిన్నుల ప్లగ్‌లో మనకు కావలసినవి మూడే. ల్యాప్‌టాప్ వైపు 2వ పిన్ను వినేది, 3వ పిన్ను చెప్పేది, 5వది గ్రౌండ్. రిసీవర్ డేటా బయటికి వచ్చే తీగ 2వ పిన్నుకు రావాలి. సొంతంగా కేబుల్ సోల్డర్ చేసుకునేవాళ్లు 2, 3 తారుమారు చేస్తుంటారు. దానివల్ల ఏదీ కాలిపోదు, కానీ ఒక్క అక్షరం కూడా రాదు. ఇంకో మాట, చిన్న జీపీఎస్ మాడ్యూల్ బోర్డులు 3.3 వోల్టుల లాజిక్‌తో పనిచేస్తాయి. వాటిని నేరుగా ఆర్‌ఎస్ 232 పోర్టుకు, అంటే ఈ తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు కలపకూడదు, అక్కడ మైనస్ వోల్టేజీలు ఉంటాయి, బోర్డు పోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కన్వర్టర్ కావాలి. అన్నీ పైకి ఒకేలా ఉంటాయి, లోపలి చిప్పులో తేడా. ఎఫ్‌టీడీఐ, సిలికాన్ ల్యాబ్స్ సీపీ2102, సీహెచ్340, ప్రొలిఫిక్ పీఎల్2303, ఈ నాలుగే ఎక్కువ కనిపిస్తాయి. పీఎల్2303 పాత చిప్పులు, వాటి నకళ్లు కొత్త విండోస్ డ్రైవర్‌తో నడవవు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 కనబడితే కథ అదే. పాత డ్రైవర్ వెతికి పెట్టొచ్చు గానీ విండోస్ అప్‌డేట్ వచ్చి మళ్లీ మార్చేస్తుంది. కన్వర్టరే మార్చడం తెలివైన పని.

కన్వర్టర్ మంచిదో కాదో రిసీవర్ లేకుండానే తేల్చుకోవచ్చు. ఒక పేపర్ క్లిప్పును వంచి కన్వర్టర్ ప్లగ్‌లో 2, 3 పిన్నులను కలపండి. పుటీ లేదా టెరా టెర్మ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాం, అంటే పోర్టులో వచ్చే అక్షరాలను చూపించేది, తెరిచి, ఆ పోర్టు ఎంచుకుని, ఫ్లో కంట్రోల్ తీసేసి, ఏదో ఒక అక్షరం కొట్టండి. కొట్టిన అక్షరం తెర మీద కనిపించాలి. క్లిప్పు తీసేస్తే కనిపించకూడదు. క్లిప్పుతో కనిపించి, రిసీవర్‌తో ఏమీ రాకపోతే, తప్పు కన్వర్టర్‌ది కాదు, డ్రైవర్‌ది కాదు, దానికి ఇవతల రిసీవర్ వైపుది. గంట పట్టే అనుమానం రెండు నిమిషాల్లో తీరిపోతుంది.

పోర్టు నంబర్ల గొడవ ఒకటి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పోర్టులు అనే కొమ్మ విప్పి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. ఏ నంబరు మాయమై తిరిగొచ్చిందో అదే మీది. సీరియల్ నంబరు లేని చిప్పులైతే, కేబుల్‌ని పక్క సాకెట్లో పెట్టగానే కామ్ 5 కాస్తా కామ్ 8 అవుతుంది. మ్యాపు ప్రోగ్రాం ఇంకా 5 దగ్గరే చెవి పెట్టుకుని ఉంటుంది. ఒక సాకెట్‌కి రంగు టేపు అంటించి ఎప్పుడూ అందులోనే పెట్టండి. పాత ప్రోగ్రాములు కొన్ని పెద్ద నంబర్లను గుర్తించవు, పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నంబరు తగ్గించుకోవచ్చు.

లైనక్స్ వాడేవాళ్లకు, మీ యూజర్ డయలౌట్ గ్రూపులో ఉండాలి, లేకపోతే పోర్టు కనిపిస్తుంది గానీ తెరవనివ్వదు. ఉబుంటు 22.04లో సీహెచ్340 గుచ్చగానే పోర్టు ఒక్క క్షణం వచ్చి మాయమైతే, బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్‌ఎల్‌టీటీవై దాన్ని లాగేసుకుందని అర్థం. బ్రెయిల్ డిస్‌ప్లే వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. మ్యాపు ఇంకా తెరవలేదు, గమనించండి. టెర్మినల్ ప్రోగ్రాంలో ఆ పోర్టును 4800 బాడ్‌తో తెరవండి. సెకనుకోసారి కొన్ని వాక్యాలు రాలి పడాలి. ఒక్కో వాక్యం డాలర్ గుర్తుతో మొదలై, నక్షత్రం గుర్తు, దాని తర్వాత రెండు అక్షరాల చెక్‌సమ్‌తో, అంటే వాక్యం చెడకుండా వచ్చిందో లేదో సరిచూసే లెక్కతో ముగుస్తుంది. ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. జీపీఆర్‌ఎమ్‌సీ అనే వాక్యం. తెర మీద ఇలా ఉంటుంది, అక్షరాలను మన లిపిలో చదువుతున్నాను, మొదటి డాలర్ గుర్తునీ తేదీ తర్వాతి భాగాన్నీ వదిలేసి:

జీపీఆర్‌ఎమ్‌సీ, 041530, ఏ, 1530.6000, ఎన్, 08845.3000, ఈ, 021.6, 084.4, 120325

మొదటి అంకె సమయం, 4 గంటల 15 నిమిషాల 30 సెకన్లు. ఇది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, మీ గడియారంతో కలవకపోతే కంగారుపడకండి. తర్వాత ఉన్న ఒక్క అక్షరం ఈ వాక్యానికి ప్రాణం. ఏ ఉంటే ఫిక్స్ ఉంది, వీ ఉంటే లేదు. వీ కనిపిస్తున్నంతసేపూ కేబుల్, డ్రైవర్, పోర్టు అన్నీ బాగున్నాయి, రిసీవర్‌కి ఆకాశం సరిపోలేదు, అంతే.

ఆ తర్వాతది అక్షాంశం. 1530.6000 అంటే 15.306 డిగ్రీలు కాదు. మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగతావి నిమిషాలు. 15 డిగ్రీల 30.6 నిమిషాలు. నిమిషాలను 60తో భాగిస్తే 0.51, కాబట్టి 15.51 డిగ్రీలు. దీన్ని పొరపాటున 15.306 అని ఎక్కించుకుంటే, చుక్క దాదాపు 22 కిలోమీటర్లు దక్షిణానికి పడుతుంది. రేఖాంశంలో డిగ్రీలకు మూడంకెలు, అందుకే 088 అని సున్నాతో మొదలైంది. సొంతంగా స్ప్రెడ్‌షీట్లోనో చిన్న ప్రోగ్రాంలోనో ఈ వాక్యాలు వాడేవాళ్లలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే.

021.6 వేగం. కిలోమీటర్లలో కాదు, నాట్లలో. పడవల ప్రమాణం కదా. 1.852తో గుణిస్తే గంటకు 40 కిలోమీటర్లు. 084.4 దిశ, నిజ ఉత్తరం నుంచి డిగ్రీల్లో. చివరిది తేదీ, 2025 మార్చి 12.

ఈ తేదీ గురించి ఒక మాట. జీపీఎస్ వారాలను 10 బిట్లతో లెక్కపెడుతుంది, 1024 వారాలు కాగానే సున్నాకి వస్తుంది. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి తిరిగింది. దీనికి సిద్ధపడని పాత రిసీవర్ అదే రోజున 120325కి బదులు 270705 అని చెబుతుంది, అంటే 2005 జులై 27. స్థానం మాత్రం సరిగ్గానే ఉంటుంది. నావిగేషన్‌కి ఇబ్బంది లేదు, కానీ ట్రాకు ఫైలును ఫోటోలతో సమయం ప్రకారం జతచేద్దామంటే ఒక్కటీ కుదరదు.

టెర్మినల్లో వాక్యాల బదులు పిచ్చి గుర్తులు పడుతుంటే, రెండు వైపులా బాడ్ రేటు కలవలేదు. 9600, ఆ తర్వాత 38400 పెట్టి చూడండి. ఏ వేగంలోనూ కుదరకపోతే రిసీవర్ కంపెనీ భాషలోనే ఉంది. సిర్ఫ్ అనే చిప్పు ఉన్న మౌసు ఆకారపు రిసీవర్లకు ఇంకో జబ్బు ఉంది. లైనక్స్‌లో జీపీఎస్‌డీ వాటిని సిర్ఫ్ బైనరీ భాషలోకి మార్చి వదిలేయొచ్చు. తర్వాత విండోస్‌లో పెడితే చెత్త వస్తుంది. జీపీఎస్‌సీటీఎల్ అనే ఆదేశంతో తిరిగి ఎన్‌ఎమ్‌ఈఏకి తేవచ్చు.

ఇంకో విచిత్రం. ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పటికే రిసీవర్ వాక్యాలు పోస్తూ ఉంటే, విండోస్ దాన్ని పాతకాలపు సీరియల్ మౌసు అనుకుంటుంది. తెర మీద మౌసు బాణం దయ్యం పట్టినట్టు గెంతుతుంది, ఏవేవో కిటికీలు తెరుచుకుంటాయి. (నవ్వులు) వైరస్ అనుకుంటారు. కేబుల్ పీకండి, ఆగిపోతుంది. డివైస్ మేనేజర్‌లో మౌసుల కింద సీరియల్ బాల్‌పాయింట్ అని కనిపించేదాన్ని డిసేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, మళ్లీ వచ్చేస్తుంది.

బ్లూటూత్ అయితే ఈ కేబుల్ తంటాలు ఉండవు కదా అని అక్కడెవరో అడుగుతున్నారు. బ్లూటూత్‌లో సీరియల్ పంపగల రిసీవర్ అయితే తప్పకుండా వాడండి. జతచేయగానే విండోస్ రెండు కామ్ పోర్టులు చూపించవచ్చు, ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ అని. డేటా లోపలికి రావాలి కాబట్టి ఇన్‌కమింగ్ అనుకుంటారు. కాదండీ, అవుట్‌గోయింగ్ ఎంచుకోవాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారన్నదే ఆ పేరు. ఇక్కడ ల్యాప్‌టాప్ రిసీవర్‌కి ఫోన్ చేస్తుంది.

వాక్యాలు శుభ్రంగా వస్తున్నాయి, ఏ కనిపిస్తోంది. ఇప్పుడు టెర్మినల్ మూసేయండి. ఇది మర్చిపోతే మ్యాపు ప్రోగ్రాం పోర్టు తెరవలేకపోతున్నానంటుంది, ఎందుకంటే విండోస్‌లో ఒక కామ్ పోర్టును ఒకసారి ఒక్క ప్రోగ్రామే వాడుకోగలదు. రెండు ప్రోగ్రాములకు ఒకే జీపీఎస్ కావాలంటే మధ్యలో పంచిపెట్టేది ఉండాలి. విండోస్‌లో జీపీఎస్‌గేట్ లాంటివి, లైనక్స్‌లో జీపీఎస్‌డీ. జీపీఎస్‌డీ 2947 అనే నెట్‌వర్క్ పోర్టులో ఎంతమందికైనా ఇస్తుంది.

ఇప్పుడు మ్యాపు. నీటి మీద అయితే ఓపెన్‌సీపీఎన్, నేల మీద సర్వే పనికి క్యూజీఐఎస్, రెండూ ఉచితం. ఓపెన్‌సీపీఎన్‌లో ఆప్షన్స్‌లోని కనెక్షన్స్‌లో సీరియల్ ఎంచుకుని పోర్టు, 4800 ఇవ్వండి. క్యూజీఐఎస్‌లో జీపీఎస్ ప్యానెల్ తెరిచి కనెక్ట్ నొక్కండి. ఈ దశకి వచ్చాక ఇక్కడ ఆగేది అరుదు, అందుకే దీని మీద ఎక్కువ చెప్పను.

బాణం కదులుతోంది, కానీ రోడ్డు పక్కన పొలంలో పోతోంది. ఎప్పుడూ ఒకే వైపుకి, ఒకే దూరం తప్పుతుంటే అది డేటమ్ తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కకట్టే ఆధారం వేరు. జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84 మీద. పాత కాగితపు మ్యాపును స్కాన్ చేసి వాడుతుంటే అది వేరే డేటమ్‌లో ఉంటుంది, కొన్ని వందల మీటర్ల తేడా రావచ్చు. రిసీవర్ సెట్టింగుల్లో డబ్ల్యూజీఎస్ 84 ఉంచి, మార్పిడి మ్యాపు ప్రోగ్రాంకి వదిలేయండి. రెండు చోట్లా మారిస్తే అంతే తేడా ఎదురు వైపుకి వస్తుంది. తప్పు ఒక్కోసారి ఒక్కో వైపుకి ఉంటే అది డేటమ్ కాదు, సిగ్నల్.

బాణం మీ కన్నా వెనకబడి వస్తోందా? లెక్క చూడండి. 4800 బాడ్ అంటే సెకనుకు 480 అక్షరాలు. స్థానం, వేగం, శాటిలైట్ల జాబితా వాక్యాలు కలిపి మామూలుగా 400 చిల్లర అవుతాయి. రష్యా శాటిలైట్ వ్యవస్థ గ్లోనాస్ కూడా ఆన్ చేస్తే జాబితా పెరిగి 480 దాటుతుంది. అప్పుడు ఒక సెకను మాట పూర్తయ్యేలోపు తర్వాతి సెకను మాట వచ్చేస్తుంది, వాక్యాలు వెనకబడతాయి, లేదా కొన్ని జారిపోతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యం 16 మీటర్లకు పైమాటే, మలుపు దాటిపోయినట్టే. వేగం 38400కి పెంచండి, లేదా అక్కర్లేని వాక్యాలు ఆపేయండి. ఆగి ఉన్నప్పుడు బాణం గిరగిరా తిరగడం మాత్రం జబ్బు కాదు. కదలికను బట్టే దిశ లెక్కకడుతుంది కాబట్టి, నిలబడి ఉంటే దానికి దిశ తెలియదు.

బండిలోనో పడవలోనో అమర్చేటప్పుడు రిసీవర్‌ని ల్యాప్‌టాప్ మూత మీద పెట్టకండి. శాటిలైట్ సిగ్నల్ చాలా బలహీనం. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు కేబుళ్ల రొద పక్కనే ఉంటే శాటిలైట్లు ఒక్కొక్కటే జారిపోతాయి. ఒక మూర దూరం చాలు. అద్దానికి లోహపు పూత ఉన్న బండి అయితే రిసీవర్ బయటికైనా రావాలి, యాంటెన్నా అయినా బయట పెట్టాలి. సీరియల్ కేబుల్ రిసీవర్‌కి కరెంటు ఇవ్వదు, రెండు బ్యాటరీల మీదే నడుస్తుందని గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు కూడా తీసేయండి. మూత మూస్తే నిద్రపోయే సెట్టింగూ మార్చుకోండి. నిద్రలేచాక పోర్టు తిరిగొస్తుంది గానీ చాలా ప్రోగ్రాములు దాన్ని మళ్లీ తెరవవు. బాణం పాత చోటే నిలిచిపోతుంది. ఇది ప్రమాదం, ఎందుకంటే తెర చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది.

బయల్దేరే ముందు ముడి వాక్యాలను ఫైలులోకి రాసే ఏర్పాటు చేసుకోండి. ఓపెన్‌సీపీఎన్‌లో వీడీఆర్ ప్లగిన్ ఆ పని చేస్తుంది, అదే ఫైలును ఇంటికొచ్చాక తిరిగి ఆడిస్తుంది కూడా. గంటకు ఒకటిన్నర మెగాబైట్లు, అంతే. దారిలో బాణం ఒక చోట ఆగిందనుకోండి, ఆ నిమిషం దగ్గర ఫైలు తెరిచి చూడండి. వీ ఉంటే ఆకాశం మూసుకుపోయింది. ఏ ఉండి వాక్యాలు వస్తూనే ఉంటే మ్యాపు ప్రోగ్రాం మొరాయించింది. సమయంలో ఖాళీ ఉండి, వాక్యం మధ్యలో తెగి ఉంటే, ప్లగ్గు వదులైంది.